ఎడమవైపు ఒరిగిన ముక్కలు

పోయిన వారం ఆవిడని మనం ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డ చోటే వదిలేశాం. చల్లగాలి మోకాళ్ళకి తగులుతున్నా తలుపు వెయ్యాలని ఆవిడకి తోచలేదు. ఎదురుగా పళ్ళెంలో రాత్రి భోజనంలోకి వేపుడు కోసం సన్నగా కోసిన పంది మాంసం ఉంది. ముక్కలు ఒకదాని మీద ఒకటి ఒరిగి, వరసలు తీరి ఉన్నాయి. అన్నీ ఎడమవైపుకే ఒరిగి ఉన్నాయి.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకి నాలుగు మాటలు చెప్పి ముందుకెళ్దాం. ఆ ఇంట్లో ఇప్పుడున్నది ముగ్గురు ఆడవాళ్ళు. కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే ఆవిడ, ఆవిడ అత్తగారు, పదమూడేళ్ళ కూతురు. కూతురికి నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి దాన్ని ఇంటిల్లిపాదీ రేడియో అంటారు. ఉండాల్సిన నాలుగో మనిషి లిఫ్టు మెకానిక్కు. పదకొండు నెలల కిందట ఒక్క సంచీ భుజాన వేసుకుని గడప దాటాడు. రేడియోకి కడుపునొప్పి ముదిరి ఆపరేషన్ చేయించిన రోజు ఆవిడ అతనికి పద్నాలుగు సార్లు ఫోన్ చేసింది. ఆ సమయానికి అతను ఆగిపోయిన లిఫ్టులోంచి ఎవరో ముసలి దంపతులని బయటికి లాగుతున్నాడు, ఫోను పనిముట్ల పెట్టెలో మోగుతోంది. అంతా అయ్యాక రొప్పుతూ ఆసుపత్రికి వచ్చిన మనిషితో, "మీకు ఆ లిఫ్టులే ఇల్లు. అక్కడే ఉండండి" అనేసింది ఆవిడ. కోపంలో జారిన మాటని ఆయనగారు ఆర్డరు కింద తీసుకున్నారు. ఆవిడ ఆ మాట వెనక్కి తీసుకోలేదు, అతను వెనక్కి రాలేదు. పంతంలో ఇద్దరూ ఒకరికొకరు తీసిపోరు.

అత్తగారు మాత్రం కొడుకు వెంట వెళ్ళలేదు. "అలిగింది వాడు, నేను కాదు. నా మంచం ఇక్కడుంది, నా కోడలిక్కడుంది" అని ఇంట్లోనే ఉండిపోయారు.

ఇక బుధవారం సంగతి. బుధవారం కళ్ళజోళ్ళ దుకాణం గంట ముందే కట్టేస్తారు. అందుకని పెళ్ళైన కొత్తలోనే మొగుడూ పెళ్ళాం ఆ రోజుకి ఒక వంటని ఖాయం చేసుకున్నారు. పంది మాంసం, క్యాప్సికం, ఉల్లికాడలు, పెద్ద మంట మీద ఎనిమిది నిమిషాల్లో తేలిపోయే వేపుడు. దానికో కట్టుబాటు కూడా పెట్టుకున్నారు. ముందు ఇల్లు చేరినవాళ్ళు కోయాలి, తర్వాత వచ్చినవాళ్ళు వేయించాలి. కోసిన మనిషి గరిటె ముట్టుకోకూడదు. బాణలి వేడెక్కాక వంట మాట తప్ప వేరే మాట ఎత్తకూడదు. మొదటి ఏడాది ఏదో వాదన పెట్టుకుని మూడుసార్లు మాంసం మాడ్చి, ఆ మూడు రోజులూ బ్రెడ్డు తిని పడుకున్నాక వచ్చిన జ్ఞానమది.

అతను వెళ్ళాక బుధవారాలు చప్పబడ్డాయి. ఆవిడే కోసేది, ఆవిడే వేయించేది. అలాంటిది మూడు నెలల కిందట ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి మాంసం కోసి సిద్ధంగా ఉంది. "ఊరికే కూర్చోలేక కోశాను" అన్నారు అత్తగారు. ఆ తర్వాత ప్రతి బుధవారం అంతే. సీసా మూత తిప్పడానికి కూడా మనవరాలిని పిలిచే ఆ మణికట్లు, సగం గడ్డకట్టిన మాంసాన్ని కాగితాల్లా ఎలా కోస్తున్నాయని ఆవిడ అడగలేదు. అలిసిపోయి ఇల్లు చేరిన మనిషికి కోసిపెట్టిన పళ్ళెం కనిపిస్తే ప్రశ్నలు పుట్టవు.

కానీ ఆవిడ పొద్దస్తమానం చేసే పనే వాలు చూడటం. ఎవరి కంటికి లెన్సు ఎన్ని డిగ్రీల వాలులో కూర్చోవాలో, ఎవరి చెవి మీద ఫ్రేము ఎటు దిగిందో కొలవడం. కోసిన ముక్క కత్తి పట్టుకున్న చేతివైపే ఒరుగుతుంది. కుడిచేతి మనిషి కోస్తే కుడికి ఒరగాలి. అత్తగారిది కుడిచేతి వాటం. రేడియోదీ అంతే. ఆవిడకి తెలిసినవాళ్ళలో పుర్రచేతి వాటం మనిషి ఒక్కడే ఉన్నాడు.

ఆ సంగతి ఎవరితోనూ అనకుండా వారం రోజులు కడుపులో దాచుకుంది. ఈ బుధవారం తలనొప్పి అని ఓనరుకి చెప్పి రెండు గంటలు ముందే దుకాణం మెట్లు దిగింది. నిజానికి తల బాగానే ఉంది. గుండె కొట్టుకోవడమే ఎక్కువగా ఉంది.

మూడో అంతస్తులో తన ఇంటి గుమ్మం ముందు, అత్తగారి చెప్పుల స్టాండు వెనక, పాత దినపత్రిక కప్పిన రెండు పెద్ద బూట్లు కనబడ్డాయి. దాచినవాళ్ళ తెలివికి నవ్వొచ్చింది. కాగితం ముందువైపు కప్పారు, మడమలు బయటికే ఉన్నాయి. ఎడమ బూటు మడమ ఎప్పటిలాగే లోపలివైపు అరిగి ఉంది. ఆ అరుగుదల చూడగానే నవ్వు ఆగిపోయింది. ఏళ్ళ తరబడి రోజూ ఊడ్చేటప్పుడు పక్కకి జరిపిన బూట్లవి. వాటి మీద విసుక్కోని రోజు లేదు. ఇప్పుడు వంగి తాకాలనిపించింది.

తాళం చెవితో చప్పుడు కాకుండా తలుపు తీసింది. వంటింట్లోంచి పలక మీద కత్తి చప్పుడు వస్తోంది, ఒకే తీరున, తొందర లేకుండా. కాపలాకని హాల్లో కుర్చీ వేసుక్కూర్చున్న అత్తగారు నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతున్నారు. ఆవిడ గోడకి ఆనుకుని కాసేపు ఆ చప్పుడు వింటూ ఉండిపోయింది. పదకొండు నెలలుగా ఈ ఇంట్లో ఏం తక్కువైందని ఎవరైనా అడిగితే ఏదేదో చెప్పేది. తక్కువైంది ఇదే. తను వచ్చేసరికి ఇంట్లో అతని చేతి చప్పుడు ఉండటం. అతను కావాలి. అంత కావాలని వారం కిందటి వరకు తనతో తను కూడా ఒప్పుకోలేదు.

గుమ్మంలోకి వచ్చి, "మెల్లిగా. వేలు తెగుతుంది" అంది.

అతను ఉలిక్కిపడి తిరిగాడు. కాస్త చిక్కాడు. చొక్కా కాలరు సరిగ్గా ఇస్త్రీ కాలేదు. మేజోళ్ళతో, ఎడమచేతిలో కత్తితో, తప్పుచేసిన పిల్లాడిలా నిలబడ్డాడు.

"నువ్వా... ఈ టైముకి..."

"నా ఇంటికి నేను రావడానికి టైమేంటండీ? మీరు చెప్పండి, మీరెప్పుడొచ్చారు?"

"ఇందాకే."

"ఇవాళ కాదు. మొదటిసారి."

అతను నీళ్ళు నమిలాడు. "స్వెట్టర్ తీసుకెళ్దామని వచ్చాను, చలి ముదరకముందు... అమ్మ కత్తి పట్టుకుని తంటాలు పడుతోంది. చూడలేక తీసుకున్నాను. ఆ తర్వాత... బుధవారం వస్తే చేతులు ఊరుకోవు."

"ఉండి ఒక మాట చెప్పి వెళ్దామంటే కాళ్ళు మాత్రం ఊరుకోలేదన్నమాట."

"నువ్వే కదా..." అని ఆగిపోయాడు. ఆవిడకి తెలుసు ఆ వాక్యం ఎలా పూర్తవుతుందో. ఆ వాక్యం అక్కడే ఉండిపోవడం ఇద్దరికీ మంచిదనిపించింది.

అప్పుడు చూసింది పలక వైపు. ముగ్గురికి అరకిలో చాలు. అక్కడున్నది ఏ విందుకో అన్నంత మాంసం. పక్కన తొమ్మిది ప్లాస్టిక్ సంచులు, మూతి బిగించి, గాలి తీసేసి, చదునుగా పరిచి ఉన్నాయి. ఒక్కో సంచి మీద కాగితం ముక్క అంటించి, దాని మీద అతని దస్తూరీలో తేదీ. అన్నీ రాబోయే బుధవారాల తేదీలే.

"ఇదంతా ఏంటి?"

"డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకో. ముందురోజు రాత్రి కిందకి దించుకుంటే చాలు. పీచుకి అడ్డంగానే కోశాను, గట్టిపడదు."

"నేనడిగింది అది కాదు."

అతను కత్తి కింద పెట్టి చేతులు తుడుచుకున్నాడు. "కంపెనీ వాళ్ళు నన్ను రేవు పట్నానికి బదిలీ చేస్తున్నారు. అక్కడ కొత్తగా పెద్ద పెద్ద భవనాలు లేస్తున్నాయి. రెండేళ్ళు. శుక్రవారం పొద్దున్న రైలు."

అతను ఇదే ఊళ్ళో, నాలుగు బస్టాపుల అవతల ఎక్కడో ఉన్నాడన్న నమ్మకం మీదే ఇన్నాళ్ళు ఆవిడ పంతం పట్టగలిగింది. పంతానికి కూడా మనిషి దగ్గర్లో ఉండాలి. "వెళ్ళకండి" అన్న మాట గొంతు దాకా వచ్చింది. అక్కడే ఆగింది.

"కోయడం అయిందిగా, పక్కకి జరగండి" అంది.

కొంగు దోపుకుని పనిలో పడింది. ఈ పూటకి కావలసిన ముక్కలు గిన్నెలోకి తీసి సోయా సాస్, చెంచాడు కార్న్‌ఫ్లోర్, కాస్త నూనె వేసి కలిపి పక్కన పెట్టింది. అన్నం పొయ్యి మీద పెట్టింది. అల్లం, వెల్లుల్లి, క్యాప్సికం, ఉల్లికాడలు అన్నీ అతను అప్పటికే కోసి ఉంచాడు. ఇరవై నిమిషాలు ఇద్దరూ ఆ ఇరుకు వంటింట్లో ఒకరి మోచేయి ఒకరికి తగలకుండా తప్పుకుంటూ గడిపారు. పదహారేళ్ళ కాపురంలో అంత మర్యాదగా వాళ్ళెప్పుడూ లేరు.

తలుపు ధడాలున తెరుచుకుంది. "నానమ్మా! బూట్లు సరిగ్గా కప్పలేదు, అమ్మ చూస్తే..." అంటూ వచ్చిన రేడియో వంటింటి గుమ్మంలో తల్లిని చూసి గప్‌చిప్ అయిపోయింది. హాల్లో అత్తగారు మేలుకుని, "నేను నిద్రపోలేదు" అన్నారు ఎవరూ అడక్కుండానే.

అందరికీ తెలుసన్నమాట. తనకి తప్ప. కోప్పడదామనుకుంది కానీ, బాణలిలో నూనె పొగలు రావడం మొదలైంది. కట్టుబాటు కట్టుబాటే.

మాంసం పరిచింది. చుయ్యిమంది.

"కదపకు" అన్నాడు వెనకనుంచి.

"తెలుసు."

ఒక నిమిషం అలాగే వదిలేసి, అడుగు ఎర్రబడ్డాక తిరగేసింది. ఆ వాసనకి ఇల్లంతా ఒక్కసారి ఒళ్ళు విరుచుకుంది. ముక్కలు పళ్ళెంలోకి తీసి, "వెల్లుల్లి" అంది చెయ్యి చాపి. అతను గిన్నె అందించాడు. "అల్లం." అందించాడు. వేళ్ళు తగిలాయి. ఇద్దరూ చూడనట్టే ఉన్నారు.

"మంట తగ్గిందేమో."

"తగ్గలేదు."

"క్యాప్సికం మెత్తబడకముందే..."

"నేనూ పదహారేళ్ళుగా చేస్తున్నానండీ ఈ వేపుడు."

"ఊఁ."

మాంసం మళ్ళీ బాణలిలో వేసింది, సాస్ పోసింది, ఉల్లికాడలు చల్లింది, రెండుసార్లు ఎగరేసింది. కళ్ళు మండుతున్నాయి. పొగ వల్ల అని చెప్పుకోవడానికి వీలుగా పొగ కూడా ఉంది. పొయ్యి కట్టేసింది. అతను గుమ్మం వైపు, బయట తన బూట్లున్న వైపు చూశాడు.

"కోసిన మనిషి తినకుండా వెళ్ళే ఇల్లు కాదిది" అంది ఆవిడ. "చేతులు కడుక్కోండి."

నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. అతని పాత కుర్చీ మీద ఉతికిన బట్టల దొంతర ఉంటే రేడియో తీసి మంచం మీద పడేసి వచ్చింది. అది మాట్లాడకుండా తింటోంది. అదే వింతగా ఉంది. అత్తగారు మాత్రం తీరిగ్గా, ముక్క ముక్కకీ తల ఊపుతూ తింటున్నారు. అతను మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఎంతసేపటికీ నమలడేంటని చూస్తే, మింగలేకపోతున్నాడు. కోసి వెళ్ళిపోవడమే కానీ ఈ వంట తిని అతనికి పదకొండు నెలలైంది.

"ఉప్పు సరిపోయిందా?" అంది ఆవిడ.

"సరిపోయింది."

ఇంకో నాలుగు ముద్దలు గడిచాయి. ఆవిడ అన్నం కెలుకుతూ, పళ్ళెంతో మాట్లాడుతున్నట్టు అడిగింది. "శుక్రవారమే వెళ్ళాలా?"

"శనివారం డ్యూటీలో చేరాలి."

"రానని చెప్తే?"

"రేపు మధ్యాహ్నం దాకా చెప్పొచ్చు. నా బదులు వెళ్ళడానికి ఇంకొకడు కాచుక్కూర్చున్నాడు." అతను చేతిలోని ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు. "వెళ్ళొద్దని ఎవరైనా అంటే చెప్తాను."

ఇంతకంటే బార్లా తలుపు ఎవరూ తెరవరు. ఒక్క అడుగు వేస్తే చాలు. ఆ ఒక్క అడుగూ వెయ్యలేక, ఆవిడ కూతురి వెనక దాక్కుంది.

"పిల్ల బెంగ పెట్టుకుంటుంది" అంది.

రేడియో తలెత్తింది. "నాకెందుకమ్మా బెంగ? నేనూ నాన్నతో వెళ్తున్నాగా."

అతనికి పొలమారింది. దగ్గుతూ, నీళ్ళు తాగుతూ, ఆ పిల్ల వైపు చూసిన చూపులోనే తెలిసిపోయింది, ఆ సంగతి అతనూ ఇప్పుడే వింటున్నాడని. రేడియో చెయ్యి కడుక్కుని బడి సంచీలోంచి ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. బడి మారడానికి పెట్టుకున్న దరఖాస్తు.

"ఇక్కడ నువ్వూ నానమ్మా ఇద్దరున్నారు. అక్కడ నాన్న ఒక్కడే. నేను వెళ్తే అటు ఇద్దరు, ఇటు ఇద్దరు" అంది. ఎంతోకాలం ఆలోచించి తేల్చుకున్నదానిలా, ఏడవకుండా చెప్పింది. "నా వల్లే కదా గొడవ మొదలైంది. నా కడుపునొప్పి వల్ల."

"నీ వల్ల కాదే!" అన్నారు తల్లీ తండ్రీ ఒక్కసారే.

కాగితం చివర పెద్దల సంతకం చోట వంకర టింకర అక్షరాలున్నాయి. ఆవిడ అత్తగారి వైపు తిరిగింది.

"నేనే పెట్టాను" అన్నారు అత్తగారు, తినడం ఆపకుండా. "మీ ఇద్దరి నోళ్ళూ తెరుచుకునేదాకా కాచుకోవాలంటే దానికి పెళ్ళీడు వచ్చేస్తుంది. ఇంకో రెండు ముక్కలు వెయ్యి, అమ్మాయ్."

ఆవిడ వెయ్యలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అతను కాగితాన్ని మడిచి పక్కన పెట్టి, ఆవిడ వైపే చూస్తూ అడిగాడు. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో, భయం ఉంది.

"పిల్ల బెంగ సంగతి అది చెప్పింది. ఇంకెవరైనా ఉన్నారా, వెళ్ళొద్దనేవాళ్ళు?"

ఇక దాక్కోవడానికి ఎవరూ మిగల్లేదు.

"నేనున్నాను" అంది ఆవిడ. "నేను వెళ్ళొద్దంటున్నాను. ఆ రోజు ఆసుపత్రిలో నేనన్న మాట తప్పు. అప్పుడు కోపం, తర్వాత పంతం, ఆ తర్వాత సిగ్గు. రోజూ బస్సులో మీరు కనిపిస్తారేమోనని కిటికీ పక్క సీటు కోసం కొట్లాడాను. నాకు మీరు కావాలి. మీరు కోసిన ముక్కలు కాదు."

అత్తగారు తినడం ఆపారు. అతను లేచి, చొక్కా జేబులోంచి చెమటకి మెత్తబడిన కవరొకటి తీసి, అందులోని రెండు రైలు టికెట్లు బల్ల మీద పెట్టాడు. రెండూ శుక్రవారం ఉదయానివే.

ఆవిడ రెండు టికెట్లనీ, కూతురినీ మార్చి మార్చి చూసింది. అయితే పిల్ల సంగతి అతనికి ముందే తెలుసన్నమాట. ఇందాకటి దగ్గంతా నటన! రేడియో చటుక్కున రెండో టికెట్టు లాక్కుని చదివింది, మొహం చిన్నబుచ్చుకుంది.

"ఇందులో నా పేరు లేదు. అమ్మ పేరుంది."

అన్నీ తెలిసినట్టు కూర్చున్న అత్తగారికి కూడా ఇది కొత్తే.

"నెల కిందట కొన్నాను" అన్నాడు అతను. "మన ఇద్దరం ముందు వెళ్ళి గది చూసుకుని, తర్వాత వీళ్ళని తీసుకెళ్దామని. నాలుగు బుధవారాలు నీ టికెట్టు ఆ మాంసం పళ్ళెం కింద పెట్టాను. నాలుగుసార్లూ మళ్ళీ తీసి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాను. నువ్వు రావని నాకు నేనే తీర్మానం చేసుకుని, ఇవాళ ఆ సంచులన్నీ కట్టాను."

ఆవిడ టికెట్టు అందుకుంది. తన పేరు ఒకచోట కొంచెం చెరిగిపోయి ఉంది, వేలు రాసుకుని రాసుకుని.

"నువ్వు ఉండమన్నావు. ఉంటాను" అన్నాడు. "రేపు పొద్దున్నే వెళ్ళి చెప్పేస్తాను. కానీ ఒక్కటి అడుగుతాను, నా మనసు కోసం చెప్పొద్దు, నిజం చెప్పు. నెల కిందట ఈ టికెట్టు నీ చేతిలో పెట్టి ఉంటే, వచ్చేదానివా?"

ఆవిడ నోరు తెరిచింది. అవునని చెప్పడానికి రెండక్షరాలు కూడా అక్కర్లేదు, తల ఊపితే చాలు. ముగ్గురూ ఆవిడ మొహమే చూస్తున్నారు. నెల కిందటి తనని గుర్తుచేసుకుంటే, ఆ మనిషి టికెట్టుని చించి ఇతని మొహాన కొట్టి ఉండేదని ఆవిడకి స్పష్టంగా తెలిసింది.